గుర్రానికి బుద్ధి నేర్పినవాడు

తొమ్మిది పందేలు గెలిచిన గుర్రం, ఎదురుగా ఆడగుర్రాన్ని చూడగానే లెక్క తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకుంది. ఏడేళ్లుగా దాన్ని మేపి, తోమి, కన్నబిడ్డలా సాకిన పెద్ద సయీసు, జ్వరమేమైనా తగిలిందేమోనని దాని మెడ తడిమి చూశాడు.

లాయంలో అతణ్ని అందరూ హెడ్మాస్టరనేవారు. పదహారో ఏట లద్దె ఎత్తే పనికి చేరి ఇంతవాడైన మనిషి. అతని చేతికింద పెరిగిన గుర్రం కరవదు, తన్నదు. పందేల రోజుల్లో పక్కనుంచి ఆడగుర్రం పోతుంటే ఇది చెవులు రిక్కిస్తే చాలు, ‘తప్పు!’ అని మూతి మీద ఒక్కటేసేవాడు. ధ్యాస మళ్లితే పందెం పోతుందాయె.

పందేలయ్యాక గుర్రాన్ని సంతానం కోసం పెంపకం ఫారానికి పంపారు. సయీసూ పెళ్లాంతో సహా వెంట వచ్చాడు. ఇవాళ ముచ్చటగా మూడో ఆడగుర్రం కూడా వచ్చిన దారినే వెళ్లిపోయింది.

“రేపు నాలుగోదీ ఇంతే అయితే, విత్తులు కొట్టించేసి సవారీ బడికి అమ్మేస్తా,” అన్నాడు యజమాని.

సయీసు ఇంటికొచ్చి కంచం ముందు కూలబడ్డాడు. “ఒళ్లు చూస్తే ఉక్కుముక్క. ఏం మాయరోగమో!”

“పగ్గం ఎవరు పట్టుకుంటున్నారు?” అంది భార్య.

“ఇంకెవరు? నేనే.”

“అదే రోగం.”

“ఏమిటే నువ్వనేది?”

“ఏమయ్యా, మన పెద్దాడి పెళ్లయిన కొత్తలో వాళ్ల గుమ్మం ముందే మడతకుర్చీ వేసుక్కూచుని పేపరు చదివేవాడివి. ఆర్నెల్లు ఆ గదిలో గుసగుస కూడా లేదు. వాడు వేరే ఇల్లు చూసుకున్నాకే కదా నీకు మనవరాలు పుట్టింది!”

సయీసు ముద్ద కంచంలో వదిలేశాడు. బస్సు దూరమై కొడుకు ఇల్లు మారాడని ఇన్నాళ్లూ ఊరందరికీ చెప్పుకొచ్చాడు. గుర్రం సంగతి తర్వాత, ముందు ఆ కుర్చీ తలుచుకుని చెవులు వేడెక్కాయి.

“అప్పుడే చెప్పొచ్చుగా!”

“చెప్తే వింటావా? నన్నూ ‘తప్పు’ అంటావు.”

మర్నాడు పొద్దున్నే పగ్గం పశువుల డాక్టరు చేతిలో పెట్టాడు.

“నువ్వెక్కడికి, హెడ్మాస్టరూ?”

“కడుపులో బాగాలేదు సార్!”

గేటు దాటి, తన వాసన కూడా గుర్రానికి తగలకుండా గాలివాలు చూసుకుని, గడ్డివాము వెనక నక్కాడు.

అప్పుడు వినిపించింది, లాయం రేకులు అదిరేలా సకిలింపు. ఒకటి కాదు, గుక్క తిప్పుకోకుండా నాలుగు. ఆ వెనకే యజమాని కేక, నవ్వులు. ఇక దాన్ని ఎవరూ అమ్మరు.

సయీసు గడ్డిలో చతికిలబడ్డాడు. ఏడేళ్లు దాని పక్కనే పడుకున్నాడు. దానికి అంత గొంతుందని అతనికి ఇవాళ్టిదాకా తెలియదు.