తడి పరీక్షనాళిక

డర్బన్ శివారు ఫీనిక్స్‌లో, తాతల నాడే వలసొచ్చిన తెలుగువాళ్ల ఇంట పుట్టి పెరిగిన ప్రేమీ ఏళ్ల తరబడి చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. దక్షిణాఫ్రికాలో అన్ని జాతుల జనం తొలిసారి కలిసి ఓట్లేసిన మరుసటి ఏడాది ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మెట్రిక్‌తో ఆగిన చదువు మళ్లీ మొదలుపెడతానంటే తల్లి కమలం కాదనలేదు. "సదువుకో. వంట నేను చూస్తా" అంది.

డర్బన్ కాలేజీలో అందరూ ఆమెకన్నా చాలా చిన్నవాళ్లు. ల్యాబ్‌లో ఆమె జోడీ పక్క బస్తీ క్వామాషు నుంచి వచ్చే జులూ అమ్మాయి నోముసా. ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పే ఆదిశేషయ్య రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చారు. ఎలక్ట్రాన్లిచ్చే న్యూక్లియోఫైల్ వెనకవైపు నుంచి కార్బన్‌ను చేరుతుంటే, ముందువైపున్నది బంధం తెంచుకుని వెళ్లిపోతుందని బొమ్మ గీసి చెప్పేవారు. ప్రేమీకి అది తలకెక్కలేదు.

ఒక మంగళవారం ప్రయోగం పెట్టారు. సోడియం అయొడైడ్ కరిగించిన అసిటోన్‌లో బ్రోమోబ్యూటేన్ చుక్కలు వేయాలి. అయొడైడ్ వెనకనుంచి చేరితే ముందున్న బ్రోమైడ్ బయటికొస్తుంది. సోడియం బ్రోమైడ్ అసిటోన్‌లో కరగదు కనుక తెల్లగా అడుక్కి దిగుతుంది. నోముసా నాళికలో అలాగే దిగింది. ప్రేమీ నాళిక తేటగానే ఉండిపోయింది.

తన ఫలితమే చూసి రాసెయ్యమంది నోముసా. ప్రేమీ మాత్రం మార్పు లేదనే రాసింది. ఇదంతా తన వల్ల అయ్యేది కాదనుకుంటూ కాగితం ఇచ్చింది.

ఆదిశేషయ్య నాళికను వెలుతురుకెత్తి చూసి, దేనితో కడిగావని ఇంగ్లీషులో అడిగారు. వాడేముందు కుళాయి కింద కడిగానని, నీళ్లు సరిగా వంపలేదేమోనని చెప్పింది.

"చర్య జరిగే ఉంటుందమ్మా. వచ్చిన ఉప్పు ఆ తడిలో కరిగిపోయింది," అన్నారాయన, కాగితం మీది ఇంటిపేరు చూసి తెలుగులో.

ఇంట్లో తల్లి నోట విన్న మాటలు తప్ప ఆమెకు తెలుగు రాదు. "ఉప్పు... నీల్లలో పోయిందా, సార్?" అంది.

ఆయన నాళికను తిరిగి ఆమె చేతికిచ్చారు. "పోయింది. పొడి నాళికతో మళ్లీ చెయ్యమ్మా."

ఈసారి నాళికను అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి చేసింది. ముందు మసకేసింది, తర్వాత తెల్లటి పొడి దిగింది. అయొడైడ్ రావడం, బ్రోమైడ్ పోవడం ఆమెకు కళ్లెదుట జరిగినట్టు తోచింది. సాయంత్రం బస్సు కోసం నిలబడి అదంతా నోముసాకు తన మాటల్లో చెప్పింది. నోముసా ఎదురు ప్రశ్నలు వేసింది. మాటల్లో పడి ఒక బస్సు వదిలేసుకున్నారు.

ఆ ఏడు ప్రేమీ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. తర్వాత నిలదొక్కుకుంది. చదువయ్యాక నోముసా ఉమ్‌కోమాస్ అనే ఊరి దగ్గరి కాగితపు గుజ్జు మిల్లు ల్యాబ్‌లో చేరింది. ప్రేమీ ఫీనిక్స్‌లోనే ఒక హైస్కూల్లో టీచరయింది. ఒకప్పుడు ఇండియన్ పిల్లలకే పరిమితమైన ఆ బడిలో అప్పటికి జులూ పిల్లలూ చేరారు. మొదటిరోజు హాజరు పిలుస్తూ ఒక జులూ అమ్మాయి పేరు తప్పుగా పలికింది. ఆ అమ్మాయి లేచి సరిదిద్దింది. ప్రేమీ ఆ పేరు మళ్లీ, ఈసారి నెమ్మదిగా పలికి, సరేనా అన్నట్టు ఆమె వైపు చూసింది.