చెరకు రైల్లో ఆంటీతో

మా పక్కింటి ఆంటీ పోయిన ఆదివారం కన్నుమూశారు. నేను చర్చి నుంచి వచ్చి కారు దిగుతుంటే ఆవిడ కోడలు కంచె దగ్గరికొచ్చి చెప్పింది. చాలాసేపు ఇంట్లోకి వెళ్లబుద్ధి కాలేదు.

నర్సు ఉద్యోగానికి న్యూజిలాండ్‌లోని టౌరంగా వచ్చిన కొత్తలో, ఆ కంచె అవతలి నుంచే ఒక సాయంత్రం "బువ్వ తింటివా పిల్లా?" అని వినిపించింది. ఆంటీ పుట్టింది ఫిజీలో. చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్ల మనవరాలు. అవ్వ దగ్గర నేర్చిన తెలుగు వంటింటి మాటలకే సరిపోయేది; మిగతాదంతా హిందీ, ఇంగ్లీషు. నాకు డ్యూటీ ఉన్న రోజుల్లో చామాకు పులుసు గిన్నెలో పోసి మా గుమ్మంలో పెట్టేవారు. ఆ గిన్నె కడిగి ఇస్తే కసిరేవారు. "వట్టి గిన్నె ఇయ్యకూడదు. పిడికెడు చక్కెరన్నా ఎయ్యి." ఈ ఊరు నాకు అలవాటైంది ఆ పులుసు తింటూనే.

ఫిజీలో అక్కడి మూలవాసుల దగ్గర తీసుకున్న భూమి లీజు అయిపోయి, ఊళ్లో గొడవల మధ్య ఇల్లు వదిలి వచ్చేశారట. "ఇల్లు పోయె గానీ వండేది మరిచిపోలేదు" అని నవ్వేవారు. ఒకసారి వెళ్లి చూసిరండి అంటే మాత్రం మాట మార్చేవారు. అంకుల్ పోయిన మరుసటి ఏడాది తనే అడిగారు.

"నన్ను పిల్చుకోని పోతావా పిల్లా? కొడుకుతో పోతే వాడు ఏడుస్తాడు."

ఇద్దరం వెళ్లాం. ఒకప్పుడు చెరకు మోసిన చిన్న రైలు అక్కడ ఇప్పుడు టూరిస్టులను సముద్రం వెంబడి తిప్పుతోంది. పెట్టెలకు కొత్త రంగులు, కిటికీలకు అద్దాలు లేవు. ఒకవైపు పగడపు దిబ్బల మీద విరిగే అలలు, ఇంకోవైపు చెరకు. అందరూ సముద్రాన్ని ఫొటోలు తీస్తుంటే ఆంటీ చెరకు వైపే చూస్తూ కూర్చున్నారు.

ఒక మలుపులో రైలు నెమ్మదించింది. "మా ఇల్లు" అన్నారు. ముంగిట్లో ఒక ఫిజీ ఆవిడ బట్టలు ఆరేస్తోంది. ఆ భూమి సొంతదారు కూతురట. చిన్నప్పుడు ఆంటీ రొట్టెలు తిని పెరిగిన పిల్ల. ఆంటీ చటుక్కున తల దించుకున్నారు. "నన్ను చూస్తే ఏమంటదో."

టూరిస్టులకు చెయ్యి ఊపబోయిన ఆవిడ ఆగి, కళ్లు చికిలించి చూసింది.

"మౌసీ!" అని అరిచి, హిందీలో ఏదో అంటూ పరుగెత్తుకొచ్చింది. "మీ కరివేపాకు చెట్టు కొట్టెయ్యలేదు, దిగి చూడు అంటోంది" అని నాకు చెబుతూనే ఆంటీ లేచారు.

రైలు ఆగలేదు. తడి దుప్పటి ఒకటి భుజాన వేలాడుతుండగా ఆవిడ పట్టాల పక్కన పరుగెడుతూనే ఉంది. ఆంటీ నడుము దాకా కిటికీలోంచి బయటికి వంగిపోయారు. నేను వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాను. ఒకరి మాట ఒకరు వినకుండా, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.