కాకి ముట్టేదాకా

మా చెల్లెలి భర్త లారీ గుద్ది చనిపోయిన మూడోనాడు పిట్టకు పెట్టారు. కల్వకుర్తి అవతల చిన్న ఊరు. చితి ఆరినచోట విస్తరి వేసి, అన్నమూ మాంసమూ పెట్టి, ఊరంతా చుట్టూ మూగింది. కాకి ముట్టందే ఎవరూ తినకూడదు. తెల్లవారుజామున వండిన కూర ఇంటి దగ్గర పెద్ద గుండిగల్లో, మూతల కింద, గోరువెచ్చగా ఉండిపోయింది.

కాకి రాలేదు.

"పోయినోనికి ఏదో కోరిక మిగిలింది," అన్నాడు చెల్లెలి మామ.

"ఇంతమంది మీదవడి నిలబడితే ఏ కాకి దిగుతది మామా? కూర పాడైతది, జనానికి పెట్టుండ్రి," అన్నాను.

"నీ ఉపన్యాసం మీటింగుల చెప్పుకో అల్లుడా!"

ఆ కోరిక ఏదోనని విస్తరి ముందు కల్లు పోశారు. బిడ్డను చదివిస్తానని చెల్లెలితో చెప్పించారు. ఎండ నడినెత్తి దాటింది. అప్పుడు మామ చెల్లెలివైపు తిరిగి అసలు మాట బయటపెట్టాడు. "నువ్వు జడ్చర్ల కంపెనీకి పోవుడు వానికి ఇష్టం లేకుండె. బంద్ జేస్తనని చెప్పు."

రోజూ బండి మీద కంపెనీ బస్సు దాకా ఆమెను దింపింది ఆ చనిపోయినవాడే! ఇప్పుడు ఆ ఉద్యోగమే తల్లీబిడ్డలకు ఆధారం. చెల్లెలు నావైపు చూసి, తల దించుకుంది. "పోనయ్యా. ఇంటికాడ్నే ఉంట," అంటూ సాగిలపడింది. ఆమెకు చోటివ్వడానికి జనం వెనక్కి జరిగారు. కాకి దిగింది.

అప్పుడు గుండిగల మూతలు తీసి వడ్డించిన ఆ మాంసం తిన్నవాళ్లకు తెల్లారేసరికి కడుపులు మెలిపెట్టాయి. నీళ్ల విరేచనాలు. ఇంటి అవ్వ, మామ కన్నతల్లి, "జరన్ని నీళ్లియ్యిరా" అని అడుగుతూనే ఉంది. తాగితే ఇంకా పారుతుందని మామ ఇవ్వనివ్వలేదు. నేను చెంబు పట్టుకెళ్తే లాగేసుకున్నాడు. దవాఖాన చేరకముందే ఆమె పోయింది.

కొన్ని క్రిములు ఉడికినా చావని గింజల్లా మిగులుతాయనీ, మూతేసిన గోరువెచ్చటి మాంసంలో అవి లెక్కలేనన్ని అవుతాయనీ డాక్టరు చెప్పాడు. అవ్వను చంపింది మాత్రం ఒంట్లో నీళ్లు ఆరిపోవడమే అన్నాడు. మామ వినలేదు. "నీ చెల్లె మనసార మొక్కలే. అందుకే గిట్లయింది."

సెలైన్ ఎక్కుతున్న చెల్లెలికి డాక్టరు మాటలన్నీ చెప్పాను.

"నిజమే గావొచ్చన్నా. కానీ రేపు నా బిడ్డకు జరమొస్తే నీ క్రిములను తిడ్తరా, నన్ను తిడ్తరా?"

దవాఖాన నుంచి రాగానే కంపెనీ గుర్తింపు కార్డు మామ చేతిలో పెట్టింది.

అవ్వకూ పిట్టకు పెట్టారు. ఊళ్లో సగంమంది ఇంకా మంచాల మీదే ఉన్నారు. చితి దగ్గరకు వచ్చింది మేం కొద్దిమందిమే. విస్తరి వేసి వెనక్కి తిరిగామో లేదో, కాకి వాలింది.

"చూసినవా బిడ్డా," అన్నాడు మామ చెల్లెలితో, ఎన్నడూ లేనంత ప్రేమగా. "మాట నిలబెట్టుకున్నవు. అవ్వకు ఇగ ఏ కోరికా లేదు."

విస్తరి పక్కన నిండు చెంబుతో నీళ్లు పెట్టారు.