గడియారం లేని పాఠం

మా అన్న చేతులకు ఏమీ కాలేదు. ఆళ్లగడ్డలో మా నాయన దగ్గర రాతి విగ్రహాలు చెక్కుతూ పెరిగిన చేతులవి. శిరివెళ్ల దగ్గర ట్రాక్టరు గుద్ది తలకు దెబ్బ తగిలినప్పటినుంచి, రెండు మాటలు కలిపి చెబితే మొదటిది జారిపోయేది. ఉలి పట్టుకుని ధ్యాస తప్పి వేళ్లు చితక్కొట్టుకున్నాక, నాయన సుత్తి దాచేశాడు. పని లేక అన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు.

రెండువేల తర్వాతి సంవత్సరాలవి. నంద్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో, ఇంటర్నెట్‌లో చదువుకునే పాఠాలు తయారు చేయడం నా ఉద్యోగం. వాటిలో బొమ్మలు గీసే కోర్సు ఒకటి ఉండేది. అది పాసైతే విగ్రహాల నమూనాలు గీసిచ్చే పని అన్నకు దొరుకుతుంది. మళ్లీ మనుషుల్లో పడతాడు. పట్టుబట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

ఆ పాఠం అతన్ని కూర్చోనివ్వలేదు. ఒకే పేజీలో పది సంగతులు, పక్కన ఆరుతూ వెలుగుతూ బొమ్మలు, మూలన తరిగిపోయే గడియారం. టైము అయిపోగానే బయటికి తోసేసేది, మళ్లీ మొదటికి. అన్న మౌస్ వదిలేశాడు.

"నాతో కాదు పాపా. ఇంటికి పోదాం."

నేను మేనేజరు దగ్గరికి పోయాను.

"ఒక్కని కోసం కోర్సు మారుస్తామా? చిన్నపిల్లోళ్ల రంగుల పాఠం ఉంది, అది ఇయ్యి" అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా.

"మా అన్న దేవుళ్లను చెక్కినోడు సార్. కుందేళ్లకు రంగులెయ్యడు" అన్నాను.

ఆ ఆదివారం ఇంటికి పోతే, నాయన కొత్త రాయి మీద ఎర్రజాజు మట్టితో ఒక గీత గీస్తున్నాడు. అంతవరకు చెక్కి, పొడి తుడిచి, ఆ తర్వాతే రెండో గీత. పుట్టినప్పటినుంచి చూస్తున్నదే. ఆ రోజే అడిగాను.

"అన్ని గీతలూ ఒకేసారి గీస్తే ఏమైతాది నాయనా?"

"చెయ్యి యాడికి పోవాల్నో తెలీదు. రాయి చెడిపోతాది."

సోమవారం పాఠాన్ని ముక్కలు చేశాను. ఒక పేజీకి ఒకటే పని. అది అయ్యాకే తర్వాతది. వెలిగే బొమ్మలు పీకేశాను. ఆపిన చోట ఒక ఎర్ర గీత పెట్టాను, తిరిగొస్తే పాఠం అక్కడే తెరుచుకుంటుంది. పరీక్షలో గీయాల్సిన నంది బొమ్మను మాత్రం ముట్టుకోలేదు. గడియారం ఎవరినీ అడక్కుండానే తీసేశాను.

మేనేజరు మండిపడ్డాడు. "ఇంత తేలిక చేస్తే సర్టిఫికెట్‌కు విలువేముంటాది? నీ ఉద్యోగం పోతాది, చూసుకో."

"పోనీ సార్. తేలికైతే ఆ నందిని మీరు గీయండి, చూస్తా."

ఆయన గీయలేదు.

పరీక్ష రోజు అన్న పొద్దున్నే కూర్చున్నాడు. మధ్యలో టీకి లేచి పోయి, తిరిగి వచ్చి, ఏం చేస్తున్నాడో మరిచిపోయి తెల్లబోయాడు. ఎర్ర గీత కనబడింది, అందుకున్నాడు. భోజనాల వేళకు గంగడోలు మడతలతో సహా నంది లేచి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మేనేజరు తెర మీదికి వంగి చూసి, "బాగుందప్పా" అన్నాడు. తర్వాత నాకేసి తిరిగాడు. "మీ అన్న పాసైనాడు గదా. ఇంక గడియారం మళ్లీ పెట్టు."

నేను నోరు తెరిచేలోపల అన్న అందుకున్నాడు.

"అది ల్యాకుండా గీసినానని రేపటికి నేను మర్చిపోతా సార్. మీరు మర్చిపోవద్దండి."

గడియారం నేను పెట్టలేదు.