కింది పెదవి జారిన గుర్రం

మొన్న ఎల్బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా మరిది కొడుకు పెళ్లి జరిగింది. బరాత్ బయలుదేరే వేళకు మెట్రో స్తంభాల పక్కన ఒక తెల్ల గుర్రాన్ని తెచ్చి నిలబెట్టారు. దాని వెనకాలే బండి నిండా స్పీకర్లు, గుండెలదిరే పాట, కళ్లు చెదిరే రంగుల లైట్లు. అంత గోలలోనూ అది కదలక మెదలక నిలబడి ఉంటే, వచ్చినవాళ్లంతా దాని పక్కన చేరి ఫోటోలు దిగుతున్నారు. "ఎంత బుద్ధిగా ఉందండీ! మా ఇంట్లో పిల్లలకంటే నయం" అని పెళ్లికూతురు వైపు కోస్తా ఆవిడ ఒకామె మురిసిపోయింది. నా మనవడికి చిన్న తలపాగా చుట్టి, తోడు పెళ్లికొడుకని గుర్రం మీదికి ఎత్తి కూర్చోబెట్టారు. అప్పుడు చూశాను నేను ఆ గుర్రం మొహం. చూసి, పిల్లవాణ్ణి దింపమన్నాను.

దింపేదాకా ఊరుకోలేదు. కోడలు మొహం ముడుచుకుంది. "శుభమా అని పెండ్లి అయితుంటే నీ అనుమానాలేందమ్మా" అని నా కొడుకు పళ్లు నూరాడు. మా మరిది మాత్రం నవ్వి, "మీకు తెల్వదురా, వదినె అనుమానపు నజర్ ముప్పై నలభై ఏండ్ల నాటిది. నన్నే ఇడ్వలేదు, గుర్రాన్ని ఇడుస్తదా?" అని మాట మళ్లించేశాడు. అతనికి బదులు చెప్పాలంటే వాళ్లమ్మ సంగతి చెప్పాలి. ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న ఆ సంగతి నాతోనే పోతుందనుకున్నాను గానీ, ఆ గుర్రం మొహం చూశాక ఇక దాచడం మంచిది కాదనిపించింది.

నేను కాపురానికి వచ్చిన నాటికి మావాళ్లది కొత్తపేటలో పెంకుటిల్లు, ఇంటి వెనకాల రేకుల లాయం. మామ బతికుండగా జట్కా తోలేవాడట. ఆటోలు వచ్చి జట్కాను మూలకు నెట్టాక, గుర్రాలను పెళ్లి ఊరేగింపులకు కిరాయికి పంపడం మొదలుపెట్టారు. ఆయన పోయాక మిగిలింది ఒక్కటే, ముత్యాలు అనే ఆడ గుర్రం. పుట్టినప్పుడది బొగ్గులా నల్లగా ఉండేదట. ఏడాదికేడాది తెల్లబడుతూ వచ్చి పాలనురుగులా అయిందని అత్తమ్మ చెబుతుండేది. దాన్ని కన్న రోజే తల్లి గుర్రం చచ్చిపోతే, సీసాకు గుడ్డ కట్టి పాలు పట్టి పెంచింది ఆమే. ఇంట్లో ఎవరు అన్నం తిన్నారో తినలేదో తర్వాత, ముందు ముత్యాలు గడ్డి తిన్నదా లేదా అన్నది ఆమెకు కావాలి. కొడుకులిద్దరూ దాన్ని పెద్దక్క అని వెక్కిరించేవాళ్లు.

గుర్రం మొహం చదవడం నాకు నేర్పింది కూడా అత్తమ్మే. బడిలో నేను చదివింది నాలుగక్షరాలు, అవీ వంకరటింకరవి. ఈ చదువు మాత్రం వంటబట్టింది. మధ్యాహ్నాలు పని సందు దొరికితే లాయం గడప మీద కూర్చుని, చాటలో ఉలవలు ఏరుకుంటూ, అది చూడు, ఇది చూడు అని చూపించేది. మేలుకుని ఉన్న గుర్రానికి చెవులు నిక్కి ఉంటాయి, ఎటు చప్పుడైతే అటు తిరుగుతాయి, పెదవులు రెండూ బిగిసి ఉంటాయి. నొప్పి ఉన్నదానికి ముక్కుపుటాలు గుంజుకుపోతాయి, కంటి పైన గుంట పడుతుంది. మామూలుగా కునికే గుర్రానికీ కింది పెదవి వేలాడుతుంది గానీ, పేరు పెట్టి పిలిస్తే పెదవి చటుక్కున పైకి పోతుంది. మత్తులో ఉన్న గుర్రం అలా కాదు. చెవులు విడిచేసిన చెప్పుల్లా చెరో పక్కకు పడి ఉంటాయి, రెప్పలు సగానికి దిగుతాయి, ఆ సగం కన్నూ దేన్నీ చూడదు, కింది పెదవి ముడి విప్పిన సంచిమూతిలా జారిపోతుంది. "పిలిస్తె చెవి తిప్పకపోతె అది నిద్ర కాదే కోడలా, మత్తు" అనేది. ఇంత వివరంగా ఈమెకు ఎలా తెలుసునని అప్పట్లో నాకు తోచనే లేదు. పెద్దవాళ్లకు అన్నీ తెలుస్తాయని మనమంతా నమ్మిన రోజులవి, మీకూ తెలుసు కదా.

ఒక పెళ్లిళ్ల కాలంలో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద కుర్రవాళ్లు పటాకుల సరం కాళ్ల దగ్గరే ముట్టించేసరికి ముత్యాలు బెదిరి అడ్డం తిరిగింది. పెళ్లికొడుకు తలపాగా డ్రైనేజీలో పడింది, మనిషికి మాత్రం దెబ్బ తగల్లేదు. ఆ రాత్రి మా ఆయన అన్నం ముందర కూర్చుని, ఇంకొక్కసారి బెదిరిందంటే దాన్ని అమ్మేయడమే, ఎవరి ప్రాణమన్నా పోతే మనం బతకగలమా అన్నాడు. అత్తమ్మ పళ్లెం పక్కకు జరిపి లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ముత్యాలు మారిపోయింది. పటాకులు పేలినా, బ్యాండు వాళ్లు చెవి పక్కనే బాకా ఊదినా ఉలకదు పలకదు. గుర్రం ఆవు లెక్క అయింది, ఎట్ల మాలిమి చేసినవ్ రా అని బ్యాండు మేస్త్రీ మా మరిది వీపు తట్టాడు. అప్పటికి దాన్ని పెళ్లిళ్లకు తోలుకుపోయేది అతనే, ఇంకా పెళ్లి కానివాడు. అందరూ మెచ్చుకుంటుంటే అతనూ అదంతా తన పనితనమే అన్నట్టు మీసం దువ్వుకునేవాడు. నేను మాత్రం ఒకనాడు బరాత్‌కు బయలుదేరుతుంటే దాని మొహం చూశాను. కింది పెదవి జారి ఉంది. ఇంట్లోంచి కంచం తెచ్చి గరిటెతో గట్టిగా మోగించాను. చెవి తిరగలేదు.

అప్పటి నుంచీ నా అనుమానం మరిది మీదికి పోయింది. మరిది కొత్తపేట పండ్ల మార్కెట్ నుంచి గుర్రం కోసం కర్బూజ తొక్కలూ మెత్తబడ్డ బత్తాయిలూ సంచులకొద్దీ తెచ్చేవాడు. కుళ్లిన పండ్లతో మత్తెక్కుతుందేమోనని ఆ సంచులు వాసన చూసేదాన్ని, ఒకటి రెండుసార్లు తీసుకెళ్లి పెంటకుప్పలో పారబోశాను. అతని అంగీ ఉతికేటప్పుడు జేబులు తడిమేదాన్ని, బీడీ ముక్కలు తప్ప ఏమీ దొరికేవి కావు. అతను లాయంలోకి పోతే ఏదో పని కల్పించుకుని వెనకే పోయేదాన్ని. "ఏంది వదినె, గుర్రాన్ని ఎత్కపోతనా ఏంది? సీఐడీ లెక్క ఎంబడి పడ్డవ్" అని నవ్వేవాడు. దొంగకు నవ్వు తొందరగా వస్తుందనుకునేదాన్ని నేను. మా ఆయనతో చెబితే, నీకేమైనా పిచ్చా, గుర్రం వయసుకొచ్చి నెమ్మదించింది అని కొట్టిపారేశాడు. ఆయన మీద కూడా అనుమానం పుట్టింది నాకు. బ్యాండు మేస్త్రీ మీద, గడ్డి తెచ్చేవాడి మీద, ఆఖరికి నీళ్ల కుండీ మీద కూడా పుట్టింది. నా చూపు ఎటు తిరిగినా, పెళ్లినాడు గుర్రానికి బొట్టు పెట్టి, దిష్టి తీసి, తన చేత్తో బెల్లం ముద్ద తినిపించి సాగనంపే మనిషి వైపు మాత్రం తిరగలేదు. అది మా ఇంటి ఆచారం. ఆచారాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఇంతలో మరిదికే పెళ్లి కుదిరింది. పెళ్లికూతురి వాళ్లది దిల్‌సుఖ్‌నగర్. ఇంటి గుర్రం ఉండగా ఇంకో దాని మీద ఎలా పోతాడు? ముత్యాలు మీదే అన్నారు. ముందర తోడు పెళ్లికొడుకుగా నా కొడుకు కూర్చోవాలన్నారు. మొన్న నా మీద పళ్లు నూరినవాడే, అప్పటికి ఇంకా బడికి కూడా పోని పసివాడు. మత్తులో ఉన్న గుర్రం బొమ్మలా నిలబడుతుంది గానీ, ఉన్నట్టుండి ఉలిక్కిపడిందంటే ఎటు దూకుతుందో దానికే తెలియదని అత్తమ్మే ఒకసారి చెప్పింది. వద్దంటే అపశకునం, ఊరుకుంటే పిల్లవాడి ప్రాణం.

పెళ్లినాడు మరిదికి నలుగు పెట్టి, స్నానం చేయించి, గదిలో కూర్చోబెట్టారు. పొద్దుటి నుంచీ అతను లాయం ముఖం చూడలేదు. నేను వెళ్లి చూస్తే ముత్యాలు చెవులు నిక్కించి, పెదవులు బిగించి, కళ్లు ఇంతింత చేసుకుని నిలబడి ఉంది. అంతే, నా అనుమానమంతా నిజమనిపించింది. అతను దగ్గరికి పోని రోజున గుర్రం మేలుకుని ఉంది చూశావా అనుకున్నాను. మా ఆయనను పిలుచుకొచ్చి చూపించాలని రెండడుగులు వేశాను కూడా.

అంతలో అత్తమ్మ పళ్లెంలో పసుపు కుంకుమ పెట్టుకుని వచ్చింది. ముత్యాలు నుదుట బొట్టు పెట్టింది, దిష్టి తీసింది. బెల్లం ముద్ద పట్టుకుని చేయి చాచింది. గుర్రం మూతి ముందుకు పెట్టింది. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. ఆ ముద్దను కొంగున ముడేసుకుని, అటూ ఇటూ చూసింది. నన్ను చూసింది.

"బెల్లం పెట్టలేదేంది అత్తమ్మా?" అన్నాను.

"ఇయ్యాల నా కొడుకు ఎక్కుతడే" అంది. కొంగు ముడి బిగించి, "మనుమడు ఎక్కుతడు" అంది.

నేను ఆ ముడి పట్టుకున్నాను. "మరి ఇన్ని దినాలు ఎక్కినోళ్లు ఎవలి కొడుకులు అత్తమ్మా?"

గోడకు చేరగిలబడి, ఎప్పుడూ ఎవరి ముందూ తగ్గని మనిషి చిన్నపిల్లలా వెక్కుతూ చెప్పుకొచ్చింది. లాడాలు కొట్టేవాణ్ణి ముత్యాలు ఒకసారి తన్నితే, పశువుల దవాఖాన డాక్టరు మత్తు గోళీలిచ్చాడట. వేశాక దాని మొహం చూస్తూ కూర్చో, చెవులు పక్కకు పడి, రెప్ప దిగి, కింది పెదవి వేలాడినాకనే లాడం కొట్టేవాణ్ణి పిలువు అని ఒక్కొక్కటీ చూపించి చెప్పాడట. ఈ గోళీలు వేసి రోడ్డెక్కించొద్దని కూడా ఆయనే హెచ్చరించాడట. మిగిలిన గోళీలు ఆమె దగ్గరే ఉండిపోయాయి. అమ్మేస్తానని కొడుకు అన్న నాటి నుంచీ పెళ్లి పెళ్లికీ బెల్లంలో కలిపి పెట్టి, పెదవి ఎంత జారిందో చూసుకుని, ఇంతయితే చాలనుకుని సాగనంపుతూ వచ్చింది. నాకు అంత శ్రద్ధగా నేర్పిన చదువు ఎక్కడిదో అప్పుడు తెలిసింది. "దాన్ని అమ్మితె నేను బతుకుతనా?" అంది. బతకదని నాకూ తెలుసు. కానీ ఎవరో తల్లులు మురిపెంగా తలంటి పోసి, ముస్తాబు చేసి ఎక్కించిన పిల్లలు నా కళ్ల ముందు వరసగా తిరిగారు.

నా కొడుకును చంకనెత్తుకుని, వీడికి ఒళ్లు వెచ్చగా ఉంది, గుర్రమెక్కడు అని చెప్పేశాను. ఆ రోజు అత్తమ్మ ఆడదానివి నీకెందుకని అందరూ వద్దంటున్నా వినకుండా కళ్లెం తనే పట్టింది. "పటాకి ముట్టిస్తే చెయ్యి ఇరుస్త బిడ్డా, చెప్తున్న!" అని కుర్రవాళ్లను బెదిరించి, వట్టి సన్నాయి డోలుతో ఊరేగింపు నడిపించింది. దారి పొడుగునా ముత్యాలు చెవులు నిలవలేదు, ప్రతి అడుగుకూ వణికింది. దాని చెంప మీద చేయి వేసి ఆమె ఏదో చెబుతూనే ఉంది. అంతా బాగానే పోయిందనుకున్నంతలో, పెళ్లికూతురి వీధి మొదట్లో ఎదురుకోలుకు వచ్చినవాళ్లు మురిపెం కొద్దీ పెద్ద సరం ముట్టించారు. గుర్రం ముందు కాళ్లు లేపింది. మరిది జారి స్నేహితుల చేతుల్లో పడ్డాడు. అత్తమ్మ కళ్లెం వదల్లేదు. అమ్మవారు పూనినట్టు వేలాడి, ఈడ్చుకుపోయి, మణికట్టు విరగ్గొట్టుకుని గుర్రాన్ని ఆపింది. నా కొడుకు నా చంకలోనే ఉన్నాడు.

పెళ్లి హడావిడి తగ్గాక మా ఆయన బేరగాణ్ణి తెచ్చాడు. అత్తమ్మ కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని, "కొన్నోడు దాన్ని ఉత్తగ తోల్తడారా? మత్తు పెట్టే తోల్తడు" అంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకొక్కదానికే తెలిసింది. ముత్యాలును అమ్మలేదు, మళ్లీ ఏ బరాత్‌కూ పంపలేదు. మా ఆయన ఆటో తోలుకున్నాడు. ముత్యాలు ముసలిదై లాయంలోనే పోయింది. అన్నేళ్లూ అత్తమ్మ తన చేత్తో దానికి బెల్లం పెట్టలేదు. ముద్ద చేసి నా చేతికిచ్చి, నువ్వే పెట్టవే అనేది. నేనూ తక్కువ దాన్నేం కాదు, ఆ ముద్ద విరిచి చూసే పెట్టేదాన్ని. ఆమె చూస్తుండగానే విరిచేదాన్ని. ఒక్కనాడూ ఆమె ఒక్క మాట అనలేదు.

చివరి రోజుల్లో అత్తమ్మను దవాఖానలో పెట్టినప్పుడు, నొప్పికి ఏదో సూది వేశారు. పక్కన కూర్చుని చూస్తుంటే ఆమె రెప్పలు సగానికి దిగి, కింది పెదవి మెల్లగా జారింది. నిద్రపోతున్నదా వదినె అని మరిది అడిగాడు. అవునన్నాను.

ఇప్పుడు కొత్తపేటలో ఆ లాయమూ లేదు, ఆ పండ్ల మార్కెట్టూ లేదు. గుర్రాలు ఎక్కడి నుంచో బండ్లలో వస్తాయి, ఎక్కడికో పోతాయి. వాటి పేర్లు ఎవరికీ తెలియవు. అత్తమ్మ చేసింది తప్పే, నేను కాదనను. కానీ తప్పు చేసిన చేయి కూడా ఆ గుర్రం చెంప మీదే ఉండేది, ఆ మొహం ఎలా ఉందో క్షణక్షణం చూసుకునేది. ఇప్పుడంతా గుర్రం పక్కన నిలబడి ఫోన్లోకి చూస్తారు. ఫోటోలో గుర్రం మొహమూ పడుతుంది, దాన్ని చూసేవాళ్లే లేరు.

మొన్న పిల్లవాణ్ణి దింపించాక, మా మరిది నన్ను పక్కకు పిలిచి, నిజం చెప్పు వదినె, ఏం చూసినవ్ అని మెల్లగా అడిగాడు. నేను గుర్రం దగ్గరికి పోయాను. పాట ఒకటి ఆగి ఇంకొకటి మొదలు కాబోతున్నది. ఆ కాస్త సందులో దాని చెవి దగ్గర రెండు చేతులూ కలిపి గట్టిగా చప్పట్లు కొట్టాను. కళ్లెం పట్టుకున్న మనిషి నా కళ్లలోకి చూసి, చటుక్కున మొహం తిప్పుకున్నాడు.

గుర్రం చెవి తిరగలేదు.