తొంభై మార్కులిచ్చిన ఉచిత పరీక్ష

2012 ఎండాకాలం. సిద్దిపేటలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని నేను ఒక ఉచిత వెబ్‌సైట్‌లో ఇంటర్మీడియట్ ఫిజిక్స్ మోడల్ పరీక్ష రాశాను. డిగ్రీలో చరిత్ర చదివినవాడిని. ఫిజిక్స్‌తో నాకు సంబంధం పదో తరగతితోనే తెగిపోయింది. మొదటిసారి నూటికి ఇరవై ఎనిమిది మార్కులు వచ్చాయి. రెండోసారి అరవై నాలుగు. మూడోసారి తొంభై రెండు. పక్క కుర్చీలో ఉన్న రిజ్వానా తెర వైపు చూసి, నా వైపు చూసి, తల వంచుకుంది. ఆ అమ్మాయి ఆ వెబ్‌సైట్‌లో నెలల తరబడి చదివి, అసలు పరీక్షలో ఫిజిక్స్ తప్పింది.

ఆ వెబ్‌సైట్ సంగతి ఊరికి చెప్పింది నేనే.

అంతకు ముందటేడు తెలంగాణ కోసం సమ్మె నడిచింది. నేనొక దినపత్రికకు సిద్దిపేట విలేకరిని. జిల్లా వార్తలకు విడిగా వచ్చే చిన్న పత్రికను మేం టాబ్లాయిడ్ అంటాం. అందులో అన్ని పేజీలూ ధర్నాలు, రాస్తారోకోలు, రోడ్ల మీద వంటావార్పులే. కాలేజీలు మూతపడ్డాయి. లెక్చరర్లు దీక్షా శిబిరాల్లో ఉన్నారు. నా మనసూ వాళ్ల వైపే. కానీ పిల్లల చదువులేం కావాలని అడిగే ఫోన్లు రోజూ వచ్చేవి. ఆ రోజుల్లోనే నెట్ సెంటర్ నడిపే శ్రీను ఒక ప్రెస్‌నోట్ తెచ్చాడు. ప్రెస్‌నోట్ అంటే, తమ సంగతి తామే రాసి అచ్చువేయమని ఇచ్చే కాగితం.

"ఇంటర్ పాఠాలు, మోడల్ టెస్టులు, అన్ని ఫ్రీ అన్నా. జర ఎయ్యి."

"మంచిగుంటయా?"

"దావత్‌కు పిలిస్తే ఉప్పు సరిపోయిందా అని అడుగుతరా అన్నా?"

ఇద్దరం నవ్వుకున్నాం. మొదటి పేజీ తెరిచి చూశాను. తెలుగులో ఉంది. పాఠాల పేర్లు సరిగానే ఉన్నాయి. అంతటితో సరిపెట్టుకుని ఆరు వాక్యాలు రాసి పంపాను. సైట్ ఉచితమే గాని శ్రీను కుర్చీకి గంటల లెక్కన కిరాయి ఉందన్న మాట కూడా అందులో లేదు.

మా వైపు పరీక్షల తేదీలు, ఉద్యోగ ప్రకటనలు కత్తిరించి దాచుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. పేపర్లో వచ్చిందంటే ఎవరో పరీక్షించే వేశారని నమ్మకం. రిజ్వానా తండ్రి ఖాజా దర్జీ. నా ఆరు వాక్యాలను కత్తిరించి కుట్టుమిషను ఎదుటి గోడకు అంటించాడు. ఫలితాలొచ్చిన మూడో రోజు ఆ ముక్క పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు.

"సాబ్, గిది మీరు రాసిందే గద?"

"అవును ఖాజాభాయ్."

"కొట్లాడనీకి రాలే సాబ్. బిడ్డ ఫిజిక్సుల పోయింది. సప్లిమెంటరీ రాస్తనంటుంది. మళ్ల గదే కంప్యూటర్ల చదువుతుంది. తొంబై వస్తున్నయ్ అబ్బా అంటది. నాకు సదువు రాదు, మీరు పేపరోళ్లు. నమ్మాల్నా వద్దా, ఒక్క మాట చెప్పున్రి."

పాసైతే నర్సింగ్ చదివిస్తానని కూతురికి మాటిచ్చాడు. లేకపోతే అందరూ ముంబై దగ్గరి భివండి పోవాలి. అక్కడ బావమరిది దగ్గర తండ్రికీ కూతురికీ కుట్టుపని సిద్ధంగా ఉంది. తిడతాడనుకుని నేను నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాను. అతను అడిగినదానికి మాత్రం ఆ పరీక్ష నేనే రాసి చూస్తే గాని చెప్పలేను. అందుకే రిజ్వానాను వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కు వెళ్లాను.

ఆ సైట్‌లో తప్పులేమీ లేవు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పాఠానికి ఇరవై అయిదు బిట్లు, బిట్‌కు నాలుగు మార్కులు. ఎన్నిసార్లు రాసినా అవే వచ్చేవి, వరుస మారేదంతే. తప్పు నొక్కితే ఎరుపు, ఒప్పు పక్కన పచ్చ. ఎందుకు తప్పో చెప్పేవాడు లేడు. చదువు రాకున్నా మార్కులు పెరుగుతూ పోతాయి.

రిజ్వానాకు పాత ప్రశ్నపత్రం ఇచ్చి, వివరంగా జవాబు రాయాల్సిన ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకటి రాయమన్నాను. నాలుగు వాక్యాల దగ్గర కలం ఆగిపోయింది.

"తెలుసు సార్," అంది రిజ్వానా. "నాలుగు ఆప్షన్లు ఇస్తే ఏది రైటో చెప్త."

"నాకు తెల్వదన్నా, నేనెప్పుడు రాసి సూడలే," అన్నాడు శ్రీను మెల్లగా. అతన్ని ఏమనగలను? వార్త వేసేముందు నేనూ రాసి చూడలేదు.

ఆ సాయంత్రం ఖాజాకు ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆ తొంబైని నమ్మకు భాయ్. నాకే తొంబై రెండొచ్చినయ్." అతను నవ్వబోయి ఆగిపోయాడు.

తెలిసిన ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన మూడు వారాలు, రోజూ పొద్దున, ఆమెతో జవాబులు రాయించి దిద్దారు. "ఈ పిల్లకు తెలివి తక్కువ గాదు. రాసింది సూసెటోడు లేడు, గంతే," అన్నారాయన. ఆయన చెప్పిందీ ఉచితంగానే. నేను సవరణ వేయమని డెస్క్‌కు, అంటే వార్తలు దిద్ది పేజీలు పెట్టే విభాగానికి, ఫోన్ చేశాను. "పేరు తప్పయితే సవరణ, తేదీ తప్పయితే సవరణ. సైట్ బాగాలేదన్నది సవరణ ఎట్లయితది?" అన్నారు. వేయలేదు.

సప్లిమెంటరీ రాసిన వారానికి దర్జీ దుకాణానికి వెళితే ఖాజా మిషనుకు గోనెపట్టా చుడుతున్నాడు.

"ఫలితాలు వచ్చేదాంక ఆగు భాయ్."

"మంచిగున్నదంటే నమ్మిన సాబ్. మంచిగ లేదంటే గూడ నమ్మిన. ఇగ ఏది నమ్మాల్నో సమజైతలేదు. బావమర్ది టికెట్లు పంపిండు."

రిజ్వానా లోపలే ఉంది, బయటికి రాలేదు.

ఆ తర్వాత ఏ ఉచిత సైట్ గురించి రాయాల్సి వచ్చినా ముందు నేను మొద్దు విద్యార్థిలా కూర్చుంటాను. కావాలని తప్పులు పెడతాను. ఎందుకు తప్పో చెబుతుందా, రెండోసారి ప్రశ్న మారుతుందా, పిల్లవాడు సొంతంగా రాసింది ఎవరైనా చదువుతారా అని చూస్తాను. వీటిని దాటి నిలిచినవి కొద్ది. దీన్ని నేను నేర్చుకున్నది ఇంకొకరి ఏడాది ఖర్చుపెట్టి.

ఫలితాల రోజు ఆమె హాల్‌టికెట్ నంబరు నేనే కొట్టి చూశాను. పాసైంది. ఖాజా ఫోన్ కలవలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ కలవలేదు. రాష్ట్రం వచ్చిన ఏడాది వేరే వార్త కోసం రిజ్వానా చదివిన కాలేజీకి వెళ్లినప్పుడు గుమాస్తాను అడిగాను. ఆమె మార్కుల మెమో బీరువాలోనే ఉంది. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. తాను పాసైన సంగతి ఆమెకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.