ఫోటోలో కనిపించిన కాఫీ

ఈ రోజు పొద్దున్న రాజమండ్రి పాత ఇళ్లు చూపించే నడక టూర్‌కి వెళ్లాను. ఇన్నీసుపేటలో ఒక ఇంటి ముందు అందరం టేకు స్తంభాలకి ఫోటోలు తీస్తుంటే ఆ ఇంటి పెద్దావిడ బయటికొచ్చారు.

“వీధిలో నిలబడ్డారేంటండీ? అరుగు మీద కూర్చోండి, కాఫీ తెస్తాను.”

“మీకెందుకండీ శ్రమ,” అన్నాను మర్యాదకి.

“శ్రమేముందండీ,” అంటూ లోపలికి వెళ్లారు. ఇంతలో గైడ్ పదమన్నాడు. వద్దనే అన్నాను కదా అని సరిపెట్టుకుని నేనూ కదిలాను. వీధి చివరి నుంచి ఇల్లంతా వచ్చేలా ఇంకో ఫోటో తీశాను.

ఇప్పుడే దాన్ని పెద్దది చేసి చూశాను. అరుగు మీద ఆవిడ, చేతిలో పళ్లెం నిండా కాఫీ గ్లాసులతో, మా కోసం మేం లేని వైపు చూస్తున్నారు.

స్తంభాలు మాత్రం భలే వచ్చాయి. రేపు క్షమాపణ చెప్పడానికి ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కాలో మీరే చెప్పండి.